అరగని మడిమ

మోండా మార్కెట్ వెనక, ఇరానీ హోటల్ గోడకు ఆనుకొని
ఇరవై రెండేండ్ల నుంచి నా పీట.
చెప్పు తిప్పి చూసి మనిషిని చెప్పేస్త.
బయటి అంచు అరిగిందా, దొడ్డికాళ్లాయన.
ఎడమది తొందరగ పోయిందా, ఆ భుజాన మూట మోస్తడు.
కుడికాలు బొటనవేలి కాడ చిల్లువడ్డదంటే
ఆటో బ్రేకు మీద బతికేటోడు.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చినంక
మా కెజియా బూట్లు ఒళ్లో పడేసింది.
"లేసు తెగింది నాయినా."
తిప్పి చూసిన.
ముందరి గుబ్బలు అరిగి చింతగింజలైనయి.
మడిమ కాడివి
కొన్ననాటి లెక్కనే ఉన్నయి,
నంబరు అచ్చు కూడా పోలే.

రెండు నెలలు
నా బిడ్డ మునివేళ్ల మీద ఉరికింది.
నేను ఊరందరి అడుగులు చదువుకుంట కూసున్న.

చెప్పలేదా అంటే, చెప్పింది.
జింఖానా నుంచి వచ్చి మెట్ల మీద కూలబడి
మడిమ పట్టుకొని చెప్పింది.
వాళ్లమ్మ బామ్ రాసింది.
కోచ్ సారు నాటకాలన్నడు.
ఆటన్నంక నొస్తది, అన్నది నేనే.

గాంధీల టోకెన్ నూట పద్నాలుగు.
డాక్టరమ్మ మడిమను రెండు పక్కల వేళ్లతోని నొక్కింది,
మామిడికాయ మాగిందా లేదా అని చూసినట్టు.
కెజియా కెవ్వుమన్నది.
"ఇరగలేదు, పగలలేదు. పెరుగుతున్నది.
పదకొండేండ్లకు మడిమ బొక్క ఇంకా పచ్చిగనే ఉంటది,
పిక్క నరం ఎనకబడి గుంజుతుంటది.
కొన్ని వారాలు ఉరుకుడు, ఎగురుడు బంద్.
ఐసు పెట్టుండ్రి. పిక్క సాగదియ్యాలె.
బూట్లల్ల మడిమ కింద మెత్త."
మెత్త ధర చెప్పింది.
"అది నేను కోస్తనమ్మా" అన్న.

నొప్పి ఒక కాలికే, మెత్తలు మాత్రం రెండు.
ఒకటే ఎత్తు చేస్తే నడుం వంకరపోతది,
అది నాకెవ్వరు చెప్పాల్సిన పని లేదు.
పెన్సిలంత మందం,
ముందుకు వచ్చేసరికి కాయితమంత.
అంత మెల్లగ రంపె ఎన్నడూ నడపలే.

చెరుకురసం యూసుఫ్ భాయ్
రోజూ సాయంత్రం ఐసు ముక్కలిచ్చేది,
తువ్వాలల చుట్టి పది నిమిషాలు.
తర్వాత రెండు చేతులు గోడకు ఆనించి,
ఒక కాలు ఎనకకు పెట్టి,
మడిమ నేలకు అద్ది
గల్లీని అవతలికి నెట్టినట్టు నిలవడేది.
మ్యాచు రోజుల్ల సున్నం గీత బయట కూసొని
గోర్లు కొరుక్కునేది. నేను అటు చూడలే.

తొమ్మిదో వారం ఆడి వచ్చింది.
ఏమీ అడగకుండ బూటు తిప్పిన.
మడిమ గుబ్బల సందుల ఎర్రమట్టి.
అంచున గోరంత అరుగు.
అరుగు చూసి నవ్విన బేరం
ఇన్నేండ్లల్ల ఇదొక్కటే.

"ఏం నవ్వుతున్నవ్?
బూట్లు బిగుతైనయి నాయినా."