వీక్లీ ఆఫ్

పదహైదేండ్లు ఈ ఘాటు ఎక్కించినాను బస్సును.
ఏ మలుపు కాడ సెకండు, ఏ మలుపు కాడ ఫస్టు
నిద్దట్లో అడిగినా నా ఎడమకాలు చెప్తుంది.
ఈ పొద్దు వీక్లీ ఆఫ్.
కూతురికి బడిలో ఇచ్చిన సైకిలు,
ముందర బుట్ట, బుట్టలో నీళ్ళ బాటిలు,
స్టీలు బాక్సులో సంగటి, ఊరుబిండి.
"యాడికి?" అనింది వల్లెమ్మ.
"భాకరాపేటకు."
"బస్సులు లేవా?"
దానికి జవాబు నాకూ తెలీదు.

తెల్లారకముందే రైలు కట్ట కింద దూరినాను.
రాత్రి వాన నీళ్ళు చీలమండ లోతు.
పైన గూడ్సు పోతా ఉంది.
ఆ చప్పుడు గోడల్లోంచి కాదు,
నా పక్కటెముకల్లోంచి వస్తా ఉన్నట్టుంది.
అప్పుడు గుర్తొచ్చినాడు ఆయప్ప.

నాలుగేండ్ల కిందట, పెద్ద మలుపులో,
సైకిలుకు రెండు పక్కలా సంచులు, ఎండకు కమిలిన మెడ,
ఏ దేశమో ఏమో.
నాకు పావుగంట లేటు.
హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.
రోడ్డు పక్క గుంతలోకి దిగిపోయి
చెయ్యెత్తి నవ్వినాడు.

తిరుగు ట్రిప్పులో భాకరాపేట టీ అంగట్లో ఉన్నాడు.
నన్ను గుర్తుపట్టలేదు.
బస్సును చూస్తారు గానీ డ్రైవరు మొగం ఎవురు చూస్తారు?
ఫోన్లో ఫోటోలు చూపించినాడు:
మంచు కొండ, కొండకు నోరు, నోట్లోకి రోడ్డు.
మూడు వేళ్ళు చూపించినాడు. మూడు కిలోమీటర్ల సొరంగం.
లోపలుండగా ఎనకాల లారీ వస్తే ఎట్లుంటుందో
భుజాలు దగ్గరికి లాక్కొని, చెవులు పొత్తుకోని
ఆడి చూపించినాడు.
అంగడాయన నవ్వినాడు. నేనూ నవ్వినాను.
ఆయప్ప టీ డబ్బులు నేనే ఇచ్చినాను.
హారన్ సంగతి చెప్పలేదు.

చంద్రగిరి దాటేటప్పటికి పొద్దు కోట మీదికెక్కింది.
రంగంపేట కాడ టమోటా లారీ గాలికి తుండుగుడ్డ పోయింది.
చెక్‌పోస్టు గార్డు అడిగినాడు,
"ఏం నా, బస్సు అమ్ముకుంటివా?"

బస్సులో అయితే ఘాటు ఒక బీడీ దూరం.
ఈ సైకిలుకు గేర్లు లేవు.
తొక్కింది కొంచెం, తోసింది ఎక్కువ.
ఐదో మలుపులో రాతి సందున ఊట కారతా ఉంది.
పదహైదేండ్లూ కారతానే ఉన్నిందేమో.
పిట్టగోడ మీద ఎవురో ఆరేసి మర్చిపోయిన పసిబిడ్డ చొక్కా.
డీజిలు వాసన పోతే ఈ అడవికి
మాగిన సీతాఫలం వాసనంట,
నాకు తెలీదు.

ఎనకాల బండి.
తిరక్కుండానే తెలిసింది, సెకండులో గొంతు పట్టేసే ఆ బండి
మా డిపోదే, నాది. ఈ పొద్దు నాదముని డ్యూటీ.
హారన్.
కొండకు తగిలింది, లోయకు తగిలింది,
తిరిగొచ్చి నాలుగు పక్కలా మూసుకునింది.
పైన ఆకాశం ఉందని తెలుసు.
అయినా కప్పు పడింది.
గుంతలోకి దిగిపోయినాను. సైకిలు ఒరిగింది,
బాక్సు దొర్లుకుంటా పోయింది.
చెయ్యి దానంతట అదే లేచింది.
పండ్లు బయటపడినాయి.

కండక్టరు హేమ కిటికీలోంచి అరిచింది,
"అదిగో, మన చెంగల్రాయులన్న! నవ్వతా ఉండాడు చూడు!"

ఆయప్ప నవ్వలేదు.

చానాసేపు పిట్టగోడ మీద కూర్చున్నాను.
చీమల్ని దులిపి సంగటి తిన్నాను.
టీ అంగడి దాకా పోయినానా అంటే, పోయినాను.
అంగడాయన మారినాడు. టీ నీళ్ళగా ఉంది.
తిరుగు దారంతా దిగుడే,
రెక్కలు లేవు అంతే, బ్రేకులు కూడా సగమే.

రేపు తెల్లారి నాలుగున్నరకు డ్యూటీ. అదే బండి.

వల్లెమ్మ బాక్సు కడగతా అడిగింది,
"ఈ సొట్ట ఏంది?"
"ఎవురో హారన్ కొట్టినారు," అన్నాను.