గిల్టు

మంగళవారాలు, సాయంత్రం ఆరింటికి
వైన్ దుకాణం వెనక గదిలో చేరతాం,
ట్రియర్ ఊళ్లో, మోజెల్ నదికి రెండు వీధుల ఇవతల.
ఎంగెల్‌బెర్ట్ దగ్గర చక్రవర్తులంతా వరసగా ఉన్నారు
ఒక్క ఓథో తప్ప.
ఆయన ఏలింది మూడు నెలలు,
ఇతను వెతుకుతున్నది ముప్పయ్యేళ్లు.

నాకంత తాహతు లేదు.
కిలో లెక్కన కొంటాను, మట్టితో సహా.
జామ్ సీసాల్లో బ్యాటరీ నీళ్లు పోసి
నెలల తరబడి నానబెడతాను.
రొస్విటా ఆ సీసాల్ని దోసకాయ ఊరగాయ పక్కన పెట్టనివ్వదు.

తర్వాత నా పాత పనిముట్లు తీస్తాను.
నలభై ఒక్క ఏళ్లు పళ్లు కట్టాను.
డాక్టరు అచ్చు పంపేవాడు,
ముఖం చూడని మనుషులకి
నోళ్లు తయారుచేసేవాణ్ణి.
ఇప్పుడు అదే సూదితో, అదే భూతద్దం కింద
ముందు ఒక చెవి బయటికొస్తుంది,
తర్వాత మెడ,
ఒక్కోసారి ఇంకేమీ రాదు.

ఇది మార్చిలో దొరికింది.
ట్రాజన్. పొడుగు మెడ, నుదుటి మీదికి దువ్విన జుట్టు.
వెండి దేనారం
అని ఒక పూటంతా అనుకున్నాను.
దవడ దగ్గర పొర లేచింది.
లోపల రాగి,
పచ్చగా, పుచ్చిన పన్నులా.
అంచున ఒక గాటు. ఎవరో ఉలి పెట్టి చూశారు.

"పైన పటారం. అవతల పారెయ్"
అని ఎంగెల్‌బెర్ట్ బల్ల మీద పడేశాడు.
మోగలేదది. దగ్గింది.

ఇంటికి తెచ్చుకున్నాను.
రేకు ఎంత పలచనో,
ఎక్కడ మడిచాడో, అతుకు ఎక్కడ దాచాడో,
పొయ్యి ఏ ఎరుపుకి వచ్చాక ఊపిరి బిగబట్టాడో
నా వేళ్లకి తెలుసు.
వీడు నా వృత్తివాడు.

గాటు పడ్డప్పుడు ఇది ఎవరి చేతిలో ఉంది?
వాడి చేతిలో మాత్రం కాదు.
గిల్టు చేసినవాడి దగ్గర గిల్టు నిలవదు.
ఉప్పుచేపల కోసం చెయ్యి చాచిన ఎవరో,
కూలి అని నమ్మి పుచ్చుకున్న ఎవరో
నలుగురిలో మొహం ఎర్రబడి
"నాకు తెలీదయ్యా, నాకూ ఎవరో ఇచ్చారు..."

ఇంతవరకూ క్లబ్బులో చెప్పాను.
ఇక మీదటిది చెప్పలేదు.

ఎనభై మూడు, నవంబరు.
ఫ్రావ్ హిల్డెగుంట్ థోమె. పై దవడ, ఎడమ, ఆరో పన్ను.
చీటీ మీద బంగారం అని ఉంది.
ఆ నెల మా ఇంటి బాయిలర్ పగిలింది.
తక్కువ రకం లోహం పోసి
పైన పూత వేశాను.
మిగిలింది రెండు గ్రాములు.
రెండు గ్రాములతో బాయిలర్ రాదు,
ఆ సంగతి అప్పుడూ తెలుసు.
రాత్రి పదకొండు దాకా మెరుగు పెట్టాను.
అంత అందమైన పన్ను మళ్లీ నా చేత పడలేదు.
డాక్టరు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

పోయినేడు పేపర్లో ఆమె పేరు చూశాను.
తొంభై ఒకటి.
శ్మశానానికి వెళ్లి చివరి వరసలో నిలబడ్డాను,
వాన పడుతోంది,
ఎవరి తాలూకని నన్నెవరూ అడగలేదు.

ఈ ఊళ్లోనే ఒకప్పుడు
పోయినవాళ్ల నోట్లో నాణెం పెట్టేవారట,
ఏరు దాటించే పడవవాడికి కిరాయి.
వాడు వెలుతురుకి తిప్పి చూస్తాడా?
గోటితో గీస్తాడా?
ఆమెను రేవులో నిలబెట్టి
"ఇదెవరిచ్చారమ్మా?" అంటే
ఏం చెబుతుంది,
నా పేరైనా తెలీదే.

ట్రాజన్ కోసం అట్టముక్క కత్తిరించాను.
చక్రవర్తి, ఏడు, బరువు.
లోహం దగ్గర రాగి అని రాశాను.
చేసినవాడు అన్న గడి
మా అట్టల మీద ఎప్పుడూ ఖాళీయే.
కలం అక్కడ కాసేపు నిలిచింది.

రొస్విటా భోజనానికి పిలిచింది.
లేస్తూ
కుడివైపు పన్ను నాలుకతో తడుముకున్నాను,
నేను చేసుకున్నదే.
మేలిమి బంగారం.