నడి ఏట్లో ఓటీపీ

మా లంకకి పిన్ కోడ్ ఉంది, సిగ్నల్ లేదు.
కంపెనీ మ్యాపులో మేం నీలం రంగు,
అంటే వట్టి నీళ్ళు.
నీళ్ళకెవరు పంపుతారు పార్సిళ్ళు?

అయినా వస్తాయి.
ఈ పూట నా సంచిలో పధ్నాలుగు.
చెరువుల వాళ్ళకి ఉప్పు కొలిచే మీటరు,
పెచ్చెట్టి వారి కోడలికి మూడు నైటీలు,
తాటాకు పాకలో నూకరాజు గారికి గోడ గడియారం
(గోడ ఏదండీ అని నేనడగలేదు).

పంటు మీద బండి ఎక్కించి నిలబడతాను.
సరంగు సత్తియ్య కాళ్ళ దగ్గర తాటాకు బుట్ట,
అందులో పాత లుంగీ గుడ్డ పరిచి
గుడ్లు పేర్చినట్టు లంకోళ్ళ ఫోన్లు.
నడి ఏటికి రాగానే నేను నొక్కుతాను,
బుట్టంతా ఒక్కసారి కూస్తుంది.
సత్తియ్య ఒక్కో ఫోనూ తీసి అంకెలు చదువుతాడు.
అక్షరాలు రావు ఆయనకి, అంకెలొచ్చు.
ఇంకా ఇవ్వని పార్సిల్ ఇచ్చేసినట్టు
అక్కడే కొట్టేస్తాను.
కంపెనీ లెక్కలో మా ఊరి సరుకంతా
గోదాట్లోనే అందింది.
ఇన్నాళ్ళలో ఒక్కరూ నన్ను అనుమానించలేదు.

రేవులో నేలపూడి దీవెనమ్మ.
రొయ్యల షెడ్డు దిగి తిన్నగా వచ్చినట్టుంది,
చేతిలో టిఫిన్ క్యారేజీ,
నాని తెల్లబడ్డ వేళ్ళు.

"కువైట్లో అయితే బాబూ,
వంటింట్లో కూడా నాలుగు గీతలూ ఉండేవి.
మామ అని పిలిపించుకునేది ఆ ఇంటావిడ.
సోఫా దిగకుండా నొక్కేది,
పొద్దుగూకేసరికి గుమ్మం నిండా డబ్బాలు.
ఒకే రకం చెప్పులు మూడు సైజులు తెప్పించి
ఒకటుంచుకుని రెండు తిప్పి పంపేది.
డబ్బాలు కోసేది నేను. తొమ్మిదేళ్ళు కోశాను.
నా ఫోను మటుకు శుక్రవారం గంటసేపు ఇచ్చేవోరు.

మస్కట్లో మా ఆడబడుచుకి ఫోను దగ్గరే,
నెట్టు డబ్బులు జీతంలో కోత.
సైప్రస్‌లో సుగుణకుమారి ఉంది చూడు, మా వీధే,
ముసలావిడ నిద్రపోయాక
దుప్పట్లో దూరి చూసుకుంటదంట,
కొనదు, ఊరికే చూస్తది, చీరలు.
ఏ దేశం మెరుగంటే ఏం చెప్పను?
అక్కడ గీతలున్నాయి, ఫోను లేదు.
ఇక్కడ ఫోనుంది, ఇదిగో, దాన్ని పడవెక్కించాలి."

పధ్నాలుగోది ఆమెదే.
నూట ఎనభై తొమ్మిది రూపాయలు.
కొంగు ముడిలోంచి తీసిన నోట్లకి రొయ్య వాసన.

"నా పేరేనా దాని మీద? చదువు."
చదివాను. దివెనామ అని పడింది.
తప్పు కొట్టారండీ అన్నాను.
"ఉండనీ. పాస్‌పోర్టులోనూ అంతే."

బ్లేడు ఇవ్వబోతే వద్దంది.
గట్టు మీద కూర్చుని
గోటితో టేపు అంచు లేపి
కొద్దికొద్దిగా, చినగకుండా, చివరిదాకా లాగింది.
పేరున్న కాగితం ఊడదీసి
క్యారేజీ మూత మీద అంటించుకుంది.

లోపల రబ్బరు తొడుగులు. నీలం రంగువి.
ఐసులో చేతులు పెట్టేవాళ్ళకి.
తొడిగి చూసుకుంది, వేళ్ళ చివర అంగుళం ఖాళీ.

ఏడు రోజుల్లో తిప్పి పంపొచ్చండీ,
డబ్బులు పట్టుకోరు, అని చెప్పాను.
నా మొహంలోకి చూసి ఆగి ఆగి నవ్వింది.
"సాయంత్రానికి నా వేళ్ళు ఉబ్బుతాయిలే.
సరిపోతాయి."

మస్కట్ నుంచి ఏమన్నా వస్తుందేమోనని
ఫోను మళ్ళీ బుట్టలో పెట్టి వెళ్ళింది.

తిరుగు పంటులో, నడి ఏట్లో, కూసింది అది.
మస్కట్ కాదు.
సరుకు ఎలా ఉంది, ఎన్ని నక్షత్రాలిస్తారు, అని.
చదివి వినిపించాను.
సత్తియ్య చుక్కాని వదలకుండా
తలెత్తి పైకి చూశాడు.
మబ్బు పట్టి ఉంది.