పలకల లోడు

హ్యాండ్ బ్రేకు ఉండేది, పనిచేసేది కాదు.
మా బెడ్‌ఫర్డుకి హ్యాండ్ బ్రేకు నేనే.
గిద్దలూరు దాటి నల్లమల ఎక్కుడులో బండికి ఊపిరి తగ్గగానే
ఖాసింపీరా తల బయటికి పెట్టి "ఒరే పెంచలా" అనేవాడు.
అనేలోపే నేను దూకేసి ఉండేవాణ్ణి
చంకలో తుమ్మచెక్కతో.
వెనక చక్రం కిందికి దాన్ని తోసి
చెయ్యి తీసుకోవాలి.
చెయ్యి తీసుకోవడమే పని.
చెక్క ఎవడైనా తోస్తాడు.

మార్కాపురంలో పలకలెత్తేవాళ్లం.
గడ్డి పరిచి, వరసలు పేర్చి, మళ్లీ గడ్డి.
బడి మొహం చూడని నేను
ఎన్ని వేల పలకల మీద పడి నిద్రపోయానో
లెక్క రాద్దామంటే అంకెలు రావు.
పై వరసలో విరిగిందొకటి దాచుకుని
బండి మూతి మీది ఇనప అక్షరాలు చూసి సుద్దముక్కతో దించాను.
బి అంటే మొదట నాకు బెడ్‌ఫర్డే,
ఆ తరవాతే అక్షరం.

కంభం దగ్గర రాత్రిపూట ఆగిన ఫార్గో ఎఫ్ ఇచ్చింది.
పెట్రోలు తాగీ తాగీ ఓనరుని ముంచి,
కడుపు కోయించుకుని డీజిలింజను పెట్టించుకున్న బండి.
ఆ దడదడకి అద్దాలు నిలిచేవి కావు.
టాటా బెంజి ముక్కు మీద అక్షరం లేదు, చుక్క.
వలయంలో మూడు కాళ్ల చుక్క.
దాన్నీ దించాను.
కొన్నేళ్లకి కొత్త బండ్ల మీద చుక్క పోయి టి వచ్చింది.
ఎందుకని అడిగితే ఖాసింపీరా
"జర్మనీ వోళ్లు లెక్క తేల్చుకుని ఎళ్లిపోయార్రా" అన్నాడు
ఆర్పిన బీడీ చెవి మీద పెట్టుకుంటా.

పొదిలిలో శెట్టిగారి నల్ల అంబాసిడరు
ప్రతి ఆదివారం నేనే కడిగేవాణ్ణి. లోపల కూచోలేదు.
ఒక్కసారి కూచున్నా,
ఆయన కోడలికి నొప్పులొచ్చి ఒంగోలు పోతా ఉంటే
దారిలో టైరు మార్చడానికి మనిషి కావాలని.
ముందు సీట్లో నలుగురం.
గేరు స్టీరింగు పక్కనుండబట్టి సరిపోయాం.
చీమకుర్తి రాకముందే బిడ్డ పుట్టింది.
వెనక సీటు కూడా నేనే కడిగాను.

అవి మంచి రోజులంటారు, ఆ బండ్లు బండ్లంటారు.
నా కుడి మణికట్టు చూడండి.
చలికాలం తెల్లవారుజామున హ్యాండిలేసి తిప్పితే
ఇంజను ఎదురు తన్నింది.
పుత్తూరు కట్టు కట్టించారు,
డబ్బులు జీతంలో పట్టుకున్నారు.

బెడ్‌ఫర్డుని తూకానికి అమ్మేశారు.
మూతి మీది అక్షరాలు అప్పటికే ఎవరో ఊడబీక్కుపోయారు,
చివరి డి తప్ప.

మొన్న అల్లుడు మాలకొండయ్య కారులో మహానంది పోతా ఉంటే
అదే ఎక్కుడు. ముందు లారీ ఆగిపోయింది.
అల్లుడు ఫోను చూసుకుంటానే
వేలితో ఏదో మీట లాగాడు. టిక్కుమంది.
అంతే. కొండ మీద కారు నిలబడింది.
చల్లగాలి వస్తానే ఉంది, పాప నిద్రపోతానే ఉంది.
నా కాలు మాత్రం
తలుపు కోసం వెతుకుతా ఉంది.