కొలతల పుస్తకం, ముప్పై ఎనిమిదో పేజీ

మా అత్తాపూర్‌లో ఇంటికి దారి చెప్పాలంటే
పిల్లర్ నంబర్ చెప్తాం.
నూట ముప్పై ఒకటి దగ్గర దిగండి,
ఎదురుగా మందుల షాపు, పక్కన సందు.

ఆ నూట ముప్పై ఒకటికి బొమ్మలు వేయించాలని
నగర కళల కమిటీ తీర్మానం చేసిన వారానికి
ఫైలు నా టేబుల్ మీదికొచ్చింది.
కళకు విడిగా సెక్షన్ లేదు మరి,
మ్యాన్‌హోల్ మూతలు చూసుకునే నేనున్నాను.

రేట్ల పుస్తకం తిరగేశాను.
ప్రైమర్ ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు,
పరంజా అద్దె రోజుకింత.
బొమ్మకు రేటు లేదు.
కన్ను గీసినా కాంపౌండ్ గోడకు పూసినా
చదరపు అడుగు చదరపు అడుగే.

దరఖాస్తు ఒక్కటే వచ్చింది:
దస్తగీర్ పెయింటర్, కార్వాన్.
షట్టర్ల మీద అక్షరాలు రాసి
ముగ్గురు పిల్లల్ని చదివించిన చెయ్యి
ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక
ఆసుపత్రి గేటు దగ్గర పార్కింగ్ చీటీలు చింపుతోంది.
"మూడు కొటేషన్లు కావాలి" అన్నాను.
"రూలా మేడం?"
"రూలే."

మూడో రోజు పట్టుకొచ్చాడు,
ఆరంకెల ఫోన్ నంబర్లున్న పాత లెటర్‌హెడ్ల మీద.
స్టార్ ఆర్ట్స్ నర్సింగరావు, లవ్లీ ఆర్ట్స్ ఆంథోని.
ఒకప్పుడు ఒకరి గోడ మీద ఒకరు సున్నం కొట్టుకున్నవాళ్ళు.
ఒకాయన ఆటో తోలుతున్నాడు, ఒకాయన కళ్ళలో శుక్లాలు.
ఇద్దరూ దస్తగీర్ కంటే వంద రూపాయలు ఎక్కువేసి
సంతకాలు పెట్టారు. ఏం సంతకాలు!
కుమ్మక్కేనని నాకు తెలుసు.
కుమ్మక్కై ఇంత తక్కువ అడిగినవాళ్ళని
ఇన్నేళ్ళ సర్వీసులో చూడలేదు.

కమిటీలో ఒకరు నెమలి అన్నారు, ఒకరు ముత్యాలన్నారు,
ఒకరు చార్మినార్ అని ఫోన్ చూసుకున్నారు.
లోగో మాత్రం మూడడుగులుండాలని అందరూ అన్నారు.
సగం డబ్బు ముందు, సగం పనయ్యాక.
ఆ ముందు సగం
మార్చిలో రావాల్సింది, జూన్‌లో వానతోపాటు వచ్చింది.

నెమలే మొదలుపెట్టాడు, అబద్ధమెందుకు.
కానీ ఆ పిల్లర్ కింద పొద్దున్నే అయిదింటికి
కూలీల అడ్డా. పరంజా మీంచి చూస్తే
తలలూ తట్టలే కనిపిస్తాయి.
నెమలి కాళ్ళ దగ్గర ఒక తట్ట మొలిచింది,
తట్ట అంచున ఒక చెయ్యి,
చేతి వెనక మెల్లగా పాలమూరు అంజిలమ్మ.
"ముక్కుపుల్ల ఎడమదిక్కు ఏసినవేందయ్యా,
నాకు కుడిదిక్కుంటది" అని కొట్లాడింది.
మార్చాడు.
ఆంథోని కళ్ళు చికిలించుకుని లోగో రాశాడు,
సరిగ్గా మూడడుగులు, స్కేలు పట్టకుండా.

బిల్లుకు ముందు నేను టేపు పట్టాను.
రెండువందల పన్నెండు చదరపు అడుగులు.
కింద, వీపు ఎత్తున, చుట్టూతా
రంగు లేదు. ఉత్త సిమెంటు,
నున్నగా, జిడ్డుగా మెరుస్తూ.
"ఇదేంటి?"
"ఆడ రంగు ఆగదు మేడం.
కూలి దొరకనోళ్ళు పొద్దెక్కేదాంక ఆడనే ఆనుకుంటరు.
ఏస్తే వాళ్ళ అంగీలకు అంటుకపోతది."

ఆడిట్ వాళ్ళు ఎర్ర సిరాతో రాశారు:
పద్నాలుగు చదరపు అడుగుల పని జరగలేదు,
ఆ మేరకు కోత విధించవలెను.

జవాబు రాయాలి కదా, మళ్ళీ వెళ్ళాను.
పదిన్నర. అంజిలమ్మకు ఆ రోజు పని దొరకలేదు.
తన బొమ్మ కిందే, ఆ ఖాళీకి వీపు ఆనించి
కాగితం కప్పులో చాయ్ ఊదుకుంటోంది.
టేపు తీసి, "కొంచెం జరుగమ్మా" అనబోయి
టేపు సంచిలో పెట్టేశాను.

కొలతల పుస్తకంలో రిమార్కుల గడి
వేలెడంత ఉంటుంది.
అందులో పట్టేంతే రాశాను:
వాడుకలో ఉంది.

ఫైలు పై అంతస్తుకెళ్ళింది. ఇంకా దిగలేదు.
దస్తగీర్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు.
డబ్బుల సంగతి అడుగుతాడేమోనని
నేను ముందే గొంతు సవరించుకుంటాను.
"నూట ముప్పై రెండు ఎప్పుడు మేడం?" అంటాడు.