బాల్కనీ కింద

ఆ రోజు వాన.
ఈ మాట ముందే చెప్పేస్తున్నా,
ఎందుకంటే బొమ్మలో ఎండ కాస్తోంది.

పద్నాలుగు మూరల గుడ్డ మీద ఆ ఎండ పోయడానికి
పసుపురంగు నూరింది నేనే,
అవిసె నూనెతో, గాజుపలక మీద, మూడు వారాలు.
మా మేస్త్రీ బెల్మీరో టవైరా
ఆ ఉదయం మా రేవులో లేడు.
నేనున్నాను. ఎనిమిదేళ్ళవాణ్ణి,
అమ్మ చేపలగంప పక్కన తడిసిన కోడిపిల్లలా.

మొదట టముకు మోగింది,
తోలు నానిపోయి, ఎవరో పరుపు దులుపుతున్నట్టు.
తర్వాత బాల్కనీ తలుపు. ఉబ్బి బిగుసుకుపోయింది.
లోపల్నుంచి భుజంతో రెండుసార్లు గుద్దితే
ఒక పెద్దమనిషి కాగితంతో సహా బయటపడ్డాడు.
లిస్బన్ నుంచి తంతి.
రాజు లేడట, ఇక రిపబ్లిక్ అట.
సగం మాటల్ని గాలి నది మీదికి ఎత్తుకుపోయింది.
మిగిలిన సగం విన్నది
ఇరవై ముగ్గురం, ఒక గాడిద.

"ఏమంటున్నాడు?" అంది అమ్మ, సార్డీన్ పొట్ట చీలుస్తూ.
"ఎవరో వెళ్ళిపోయారట" అన్నాడు ఉప్పు బేరగాడు.
"బాకీలు తీర్చే వెళ్ళాడా?"
మా వైపు చరిత్ర అంతే.

పదకొండేళ్ళకి బొమ్మ పురమాయించారు.
మేస్త్రీ ఇల్లిల్లూ తిరిగి అడిగాడు.
అందరూ అక్కడే ఉన్నారట!
అప్పుడు పోర్టోలో చదువుకుంటున్న నోటరీ కొడుకూ,
ఆ పూట తలుపు గడియ పెట్టుకున్న మందులషాపాయనా.
అప్పటికి పుట్టని పిల్ల కూడా
రిబ్బను కట్టుకొచ్చి కుదురుగా నించుంది.
ముందు వరసకి మనిషికి ఇరవై ఎస్కూడోలు,
టోపీ గాల్లోకి ఎగరేస్తే ఇంకో ఐదు.
టముకు కొట్టిన అన్సెల్మో దగ్గర ఆ ఐదూ లేవు.
బొమ్మలో టముకు మాత్రం ఉంది,
పొడిగా, బిగుతుగా, ఎవరి చేతులో.

మేస్త్రీ చెడ్డవాడు కాడు.
ఓ సాయంత్రం కుంచెలు కడుగుతూ అన్నాడు:
"తెరిచిన నోరు వేయగలను రా ఫిర్మీనో,
మాట వేయలేను.
అందుకే ఇంతమందిని వేస్తున్నా.
వీళ్ళ మొహాలు చూసి
ఏదో గొప్ప మాటే అయ్యుంటుందనుకుంటారు."

వెనక వరసలు నాకొదిలేశాడు.
బఠానీ గింజంత మొహాలు.
అక్కడ, దీపస్తంభం నీడలో, ఒకామెని వేశాను.
అందరూ పైకి చూస్తుంటే
తన చేతుల్లోకి చూసుకుంటోంది.
చేతుల్లో ఒక వెండిచుక్క.
అది చేప అని నాకు తెలుసు.

తర్వాత ప్రభుత్వాలు మారాయి.
నిచ్చెనేసి బాల్కనీ మీది మొహం గీకేసి
మీసాలున్న ఇంకో మొహం అతికించారు.
చెయ్యి పాతదే. చిటికెనవేలు సగమే ఉంటుంది,
మిగతాది ఎప్పుడో రంపం తినేసింది.
కొత్తాయనకి పది వేళ్ళూ ఉండేవి.
ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు బడిపిల్లల్ని తీసుకొస్తున్నారు.
పంతులమ్మ కర్రతో ఎండని చూపిస్తుంది.
మోకాళ్ళు పట్టుకుని నేను చివరి బెంచీ మీద కూచుంటాను.
మొన్న ఒక పిల్ల వెనకబడి,
దీపస్తంభానికి ముక్కు ఆనించినంత పని చేసి,
"ఈవిడకి వినపడలేదా?" అంది.

"వాన కదమ్మా" అన్నాను.

ఆ పిల్ల బొమ్మలో ఎండకేసి చూసి
నన్ను అదోలా చూసింది.