ఎడమచేతి కత్తెర

జమ్మికుంట శాఖా గ్రంథాలయంల
డిటెక్టివ్ పుస్తకాలకు ఒక అల్మారా ఉంటది.
దాని తలుపు సరిగ్గ మూతపడదు.
పత్తి మార్కెట్ సీజన్ల గాలి లేస్తె
దూది పింజలు వచ్చి హంతకుల మీద వాలుతయి.

ఆ పుస్తకాలల్ల ఊర్లు చిన్నయే.
విషం కలిసేది చాయ్‌లనే.
పోలీసు జీపు మలుపు తిరగకముందే
స్వెటర్ అల్లుకునే ముసలామెకు సంగతి తెలిసిపోతది.
ఎవరు సచ్చినా పెద్దగ ఏడుపు వినపడదు.
హమాలి కట్టయ్యకు అదే ఇష్టం.
"నిజం సావులు శానా చూసిన,
ఒక్కదానికి జవాబు దొరకలే.
గిండ్లనైతె నూటయాభై పేజీలల్ల నాయం జరుగుతది" అంటడు.

శివరాత్రి పోయినంక
ఆఖరి పేజీలు మాయమైనయి.
ఒకటి గాదు రెండు గాదు, ఇరవై మూడు పుస్తకాలు.
కాంపౌండర్ యూసుఫ్
వంటామె మీదనా తోటమాలి మీదనా తేల్చుకోలేక
రెండు రాత్రులు నిద్ర కాసి
మూడోనాడు ఎవరికో రెండు సూదులు ఎక్కువ పొడిచిండట.
లైబ్రేరియన్ సారు నోటీసు అంటించిండు:
పేజీలు చింపువారిపై చర్య తీసుకొనబడును.
కింద ఎవరో పెన్సిలుతోని రాసిన్రు:
ముందుగాల హంతకుడెవడో చెప్పున్రి.

అప్పుడు దిగింది గుండేటి విమలక్క,
స్టేషన్ రోడ్డుల జాకెట్లు కుట్టే మనిషి.
పొడుగు కోటు లేదు, భూతద్దం లేదు.
మెడల టేపు, పండ్ల నడుమ రెండు గుండుసూదులు.
ఎవరు చిక్కిపోతున్నరో, ఎవరు ఏం దాస్తున్నరో
ఇంట్లోళ్ల కంటె ముందు ఆమె టేపుకు తెలుస్తది.

ఒక్కొక్క పుస్తకం ఒళ్లె పెట్టుకొని
మిగిలిన అంచు మీద బొటనవేలు నడిపింది.
"చింపింది గాదు, కోసింది.
పిల్లల పని గాదు, శ్రద్ధున్నది.
కత్తెర మొండిది, నడుమ రెండుసార్లు నమిలింది.
వాలు ఇటు దిక్కు ఉన్నదంటె
కోసిన చెయ్యి..."
అని ఆగింది.
అప్పుడే నేను ఆమెకు చాయ్ గ్లాసు అందించిన,
అమ్మ ఎంత కొట్టినా పోని
ఎడమ చేత్తోని.

ఇగ దాచేదేమున్నది.
నేను ఓదెలును, ఇక్కడి అటెండర్‌ను.
పదకొండేండ్ల సంది ముద్ర గుద్దుతున్న.
కథ ఒడిసినోడు పుస్తకం బల్ల మీద పెట్టి పోతడు.
ముఖం కూడ చూడడు.
కథ ఒడువనోడే నిలబడతడు.
మొదటి పేజీ దానంతట అదే ఊడింది, ఒట్టు.
ఆ పొద్దు కట్టయ్య స్టూలు గుంజుకొని కూసున్నడు.
"ఓదెలన్నా, ఎవలే చంపింది?"
నేను చెప్పిన.
చేతులు తిప్పుకుంట, గొంతు తగ్గించుకుంట చెప్పిన.
భాగ్యనగర్ రైలు వచ్చింది, పోయింది,
ఆయన లేవలేదు.
రెండో పేజీ ఊడలేదు.

ఇప్పుడవి నా టిఫిన్ డబ్బ కింది గిన్నెల ఉన్నయి.
కొన్నిటికి మామిడికాయ తొక్కు నూనె అంటింది.
ఒక హంతకుని పేరు చెరిగిపోయింది.
ఆయన తప్పించుకున్నట్టే.

పుస్తకాలల్ల ఐతె
అందర్నీ హాలుల కూసోపెట్టి వేలు చూపిస్తరు.
విమలక్క చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి
సారు దగ్గరికి పోయింది.
"ఎలుకలు సారూ."
సారు బోను తెప్పించిండు.
అల్మారా ఎనుక ఇప్పటికీ ఉన్నది,
ఎండిన కొబ్బరి ముక్కతోని.

శనివారం నాడు ఆమె మళ్ల అచ్చింది,
పుస్తకం తిరిగి ఇయ్యడానికి.
నేను తేదీ రాస్తున్న. ఆమె పోలేదు.
నోట్లకెల్లి గుండుసూదులు తీసి
కొంగుకు గుచ్చుకున్నది.
స్టూలు గుంజుకున్నది.
"ఓదెలన్నా, ఎవలే?" అన్నది.

నేను పెన్ను కింద పెట్టి
మొదలుపెట్టిన.
ఈ కథల దొంగది
ఎడమ చెయ్యి.